ఏడవని తగరం

ఆయనతో నా పరిచయం పోట్లాటతో మొదలైంది.

రాజమహేంద్రవరంలో గోదావరి గట్టుకి దిగే ఒక సందులో, పాత మేడ మొదటి అంతస్తులో మా ఆఫీసు. పాత సర్వే పటాలు ముందు పెట్టుకుని, చిరుగులూ మరకలూ దాటుకుంటూ, అందులోని గట్లూ కాలవలూ కంప్యూటర్లోకి గీయడం మా పని. ఏసీ ఉంది గానీ అది మేనేజరు గదికే. మాకు కిటికీలే దిక్కు. చేరిన మొదటి వారంలోనే ఒకరోజు ఆ కిటికీలోంచి తెల్లటి పొగ గుప్పున లోపలికొచ్చింది. కళ్ళు మండాయి, దగ్గొచ్చింది. విసురుగా మెట్లు దిగాను. నాకు కోపం వస్తే ముందు నోరు దిగుతుంది, కాళ్ళు తరవాత.

కింద మా మేడ గోడని ఆనుకుని నేలలో ఒక చిన్న కొలిమి. పక్కన ఒక ముసలావిడ చేత్తో చక్రం తిప్పుతూ నిప్పుకి గాలి పెడుతోంది. ముసలాయన కాగిన ఇత్తడి గుండిగని పట్టకారుతో పట్టుకుని, అందులో నవాసారం పొడి చల్లి దూదితో రుద్దుతున్నాడు. పొగంతా ఆ పొడిదే. కళాయి వేస్తున్నారన్నమాట. ఆఫీసు, ఆరోగ్యం, మునిసిపాలిటీ అన్నీ కలిపి ఆయన్ని వాయించేశాను. ఆయన తలెత్తి నా ముఖంలోకి ఎంతో మర్యాదగా చూసి, రేపు సాయంత్రానికల్లా ఇచ్చేస్తానండి అన్నాడు. వెక్కిరిస్తున్నాడనుకుని నా కోపం రెట్టింపైంది.

ముసలావిడ నవ్వింది. పనిలో ఉంటే ఆయనకి ఎవరి మాటా పట్టదని, ఏమీ అనుకోవద్దని, రేపటినుంచి పొగ పని మా ఆఫీసువాళ్ళు భోజనాలకి వెనక గదిలోకి వెళ్ళినప్పుడే చేసుకుంటామని చెప్పింది. చెప్పడమే కాదు, అలాగే చేశారు. ఆరేళ్ళపాటు మధ్యాహ్నం ఒంటిగంటకి ముందు ఆ కిటికీలోంచి ఒక్క పొగ తెర రాలేదు. నేను సిగ్గుపడి, ప్రాయశ్చిత్తంగా, మా అత్తగారి గుండిగ ఒకటి అటక మీంచి దింపి వాళ్ళకి పట్టుకెళ్ళాను.

అప్పటినుంచి ఆయన నాకు బాబాయిగారు, ఆవిడ పిన్నిగారు. వాళ్ళ పక్కనే గొడుగులు బాగుచేసే ఇంకో పెద్దాయన కూర్చునేవాడు. వానాకాలంలో గొడుగులు, మిగతా కాలం టార్చిలైట్లు, ఏమీ లేనప్పుడు ప్రపంచం మీద ఫిర్యాదులు. ఈ ముగ్గురి వయసూ కలిపితే మా మేడ వయసుకి రెట్టింపు ఉంటుందని ఆయనే అనేవాడు. టీకి దిగినప్పుడల్లా వాళ్ళ దగ్గర పది నిమిషాలు నిలబడడం నాకు అలవాటైంది. నిలబడేదాన్నే గానీ, సగం ధ్యాస ఎప్పుడూ చేతిలో ఫోన్ మీదే.

ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు పెడితే చిలుము పట్టి విషమవుతుంది. అందుకని లోపల తగరం పూత పూస్తారు. అదే కళాయి. గిన్నె ఎంత కాగాలో ఆయనకి రంగు చూస్తే తెలిసేది. తగరం కడ్డీ అలా ఒకసారి తాకిస్తే కరిగి జారేది. దూదితో ఒక్క చుట్టు తిప్పేసరికి, నల్లగా మాడిన గుండిగ లోపల వెన్నెల పరిచినట్టయ్యేది. భోజనం తొందరగా ముగించుకుని దిగిన మధ్యాహ్నాల్లో, నేను చూస్తుండగా ఆయన ఎన్ని వందల గిన్నెలు తిప్పాడో. ఆ ఒక్క చుట్టూ చూడ్డానికి మాత్రం ఫోన్ దించేదాన్ని.

కొత్త కడ్డీలు కొనుక్కొచ్చిన రోజు వాళ్ళిద్దరూ ఒక పని చేసేవారు. ఆయన కడ్డీని పిన్నిగారి చెవి దగ్గర పెట్టి మెల్లగా వంచేవాడు. ఆవిడ కళ్ళు మూసుకునేది. కాసేపటికి తల ఊపితే కడ్డీ పనిలోకి వెళ్ళేది. ఊపకపోతే ఆవిడ దాన్ని లాక్కుని దూరంగా విసిరేసేది. ఆయన మారుమాట లేకుండా దులుపుకుని, కొట్టుకెళ్ళి మార్చుకొచ్చేవాడు. ఇదేంటని అడిగితే పిన్నిగారు చెప్పింది.

"మంచి తగరం వంచితే ఏడుత్తాదమ్మా. సన్నంగా, చీమ ఏడ్చినట్టు. సీసం కలిపింది ఏడవదు. సీసం గిన్నెలోకెళ్తే తిన్నోళ్ళ నరాలు చచ్చిపోతాయి."

నువ్వూ విందువుగాని రా అని రెండు మూడుసార్లు పిలిచింది. ఆఫీసు నుంచి ఫోనొస్తోంది పిన్నిగారూ, ఇంకోసారి అన్నాను. ఒకసారి నిజంగానే ఫోనొచ్చింది. మిగతాసార్లు రాలేదు.

మొగుడూ పెళ్ళాల ముచ్చట అనుకున్నాను దాన్ని. ఆవిడకి ఆ గౌరవం ఇవ్వడం ఆయనకి ఇష్టమేమో అనుకున్నాను. పిన్నిగారు కిందటేడు ఎండాకాలంలో మూడు రోజుల జ్వరంతో పోయాక గానీ నాకు తెలియలేదు, ఆయనకి బొత్తిగా వినపడదని. చిన్నప్పటినుంచీ సొట్ట గిన్నెల్లో సుత్తి దెబ్బలు వినీ వినీ చెవులు పోయాయట. ఎన్నేళ్ళ కిందట పోయాయో గొడుగులాయనకీ తెలియదు. ఎవరైనా వచ్చి మాట్లాడితే, పిన్నిగారు చక్రం తిప్పుతూనే అదే మాట పెదాలతో ఆయనకి మళ్ళీ చెప్పేది. మేమంతా ఆవిడది వాగుడు అనుకునేవాళ్ళం. ఆరేళ్ళు పక్కన నిలబడి నేను కనిపెట్టలేకపోయాను. పటంలో మరకల కింద గట్లు వెతికి పట్టుకుంటానని గొప్పలు చెప్పుకునే మనిషిని నేను.

పిన్నిగారి కర్మలయ్యాక ఆయన మళ్ళీ వచ్చి కొలిమి వెలిగించాడు. ఒక చేత్తో చక్రం తిప్పడం, ఇంకో చేత్తో గిన్నె తిప్పడం. పని సగానికి పడిపోయింది గానీ ఆపలేదు. మాట్లాడాలంటే ఎదురుగా నిలబడి పెదాలు బాగా కదపాలి. నేను నేర్చుకున్నాను. ఆయన దగ్గర ఇంకా చాలా కడ్డీలు పాతవే ఉన్నాయి, పిన్నిగారు తల ఊపినవి. కార్తీకం దాకా వాటితోనే గడిచింది.

కార్తీకమాసంలో వనభోజనాలకి పెద్ద గిన్నెలన్నీ ఒక్కసారిగా బయటికొస్తాయి. ఆ వారం ఆయన ముందు పదకొండు గిన్నెలు చేరాయి. పాత కడ్డీలు అయిపోయాయి. ఆయన ఎప్పుడూ కొనే కొట్టు మూతపడింది. ఇంకో చోటికి వెళ్ళి నాలుగు కొత్త కడ్డీలు తెచ్చుకున్నాడు.

ఆ ఉదయం నేను మెట్లు దిగేసరికి ఆయన కిందే నిలబడి ఉన్నాడు, చేతిలో కడ్డీతో. నా కుడి చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది. అవతల మా అక్క. పెళ్ళికి పెట్టాల్సిన చీర చిలకాకుపచ్చా, ముదురాకుపచ్చా అన్నది మా మధ్య నడుస్తున్న సమస్య. ఎడమ చెవి వైపు సందులో ఒక ఆటో వెనక్కి తిప్పుకుంటూ అరుస్తోంది. ఆయన మొహమాటంగా కడ్డీని నా ఎడమ చెవి దగ్గరికి తెచ్చి వంచాడు.

"ఏడ్చిందా అమ్మా?"

నాకు ఆటో వినపడింది. అక్క వినపడింది. అసలు ఆ చప్పుడు ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు, ఎప్పుడూ వినలేదు కదా. అయినా నవ్వుతూ గట్టిగా తల ఊపి, ఏడ్చింది బాబాయిగారూ అన్నాను. పెదాలు బాగా కదిపి మరీ అన్నాను. ఆయన కడ్డీ వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి వెళ్ళి కూర్చున్నాడు. నేను చిలకాకుపచ్చే ఖాయం చేసి టీకి వెళ్ళిపోయాను.

పది రోజుల తరవాత ఆఫీసుకి వచ్చేసరికి ఆయన, పక్క సందులో మెస్ నడిపే ఆవిడ గుండిగని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ దాన్ని సొట్ట తీయమని తెచ్చిందట. లోపల పూత వెలవెలబోయి, సిమెంటు రంగుకి తిరిగింది. ఆయన పంచె చెంగుతో ఒకసారి గట్టిగా రుద్ది నాకు చూపించాడు. చెంగు మీద నల్లటి చార. మంచి తగరం అలా అంటదు. తాకించగానే అంత తొందరగా కరిగినప్పుడే అనుకోవాల్సిందమ్మా, ముసలితనం అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. మీకు అలవాటు లేదు కదా అన్నాడు పైగా. నేను నిజం చెప్పొచ్చు. అక్కడే, అప్పుడే. నా నోరు ఎప్పుడూ కాళ్ళకంటే ముందుంటుందని చెప్పాను కదా, ఆరోజు మాత్రం దానికి తాళం పడింది.

ఆయన కొలిమి ఆర్పేసి, సైకిలేసుకుని, గిన్నెలు వెనక్కి తేవడానికి బయల్దేరాడు. ఏ సొట్ట గిన్నె ఏ ఇంటిదో ఆయనకి చేతుల్లోనే గుర్తు. ఒకరు తిట్టారట. ఒకరు నవ్వి, ఇన్నాళ్ళూ తిన్నాం ఏం కాలేదు కదా అన్నారట. ఒక వంటాయన, కొత్త కళాయి ఊరికే వేసిస్తానంటున్నాడంటే ఇందులో ఏదో మోసం ఉందని గిన్నె ఇవ్వనన్నాడు. అతని గుమ్మంలో బాబాయిగారు రెండు పూటలు కూర్చుని తెచ్చుకున్నాడు. అలా తొమ్మిది రోజుల్లో పది గిన్నెలు వచ్చాయి. ఇసక పెట్టి పూత మొత్తం గీకేశాడు. వేలి చివర్లు చిట్లి నెత్తురొచ్చినా గీకాడు. కొత్త తగరం తెచ్చాడు.

ఆ కొత్త కడ్డీని గొడుగులాయన చెవి దగ్గర పెట్టి వంచాడు. నేను మెట్ల మీదే ఉన్నాను. ఇయర్‌ఫోన్ తీసి చేతిలో పట్టుకుని, పిలుస్తాడేమోనని చూశాను. పిలవలేదు. నేనెందుకు పనికిరాలేదో అప్పుడైనా నాకు అర్థమవ్వాలి. అర్థం కానట్టే ఉండిపోయాను.

పదకొండో గిన్నె దొరకలేదు. అది ఊరివాళ్ళది కాదు. మోటార్‌సైకిల్ మీద వెళ్తున్న ఒకాయన, ఇక్కడే కొత్త గుండిగ కొని, తమ వైపు కళాయి వేసేవాళ్ళు లేరని ఆగి, గంట కూర్చుని వేయించుకుపోయాడు. బాబాయిగారు అతని పెదాల మీంచి పట్టుకున్నవి రెండే మాటలు. మొగల్తూరు అన్నది ఒకటి, అమ్మకి పులుసు అన్నది రెండోది.

ఆయన మొగల్తూరు వెళ్ళాడు. నర్సాపురం దాకా ఒక బస్సు, అక్కడినుంచి ఇంకోటి. రెండు రోజులు తిరిగాడు. ఇటీవల రాజమండ్రిలో ఇత్తడి గుండిగ కొన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని టీ కొట్ల దగ్గర, రొయ్యల చెరువుల గట్ల మీద, రేషన్ డిపో ముందు అడిగాడు. చెవిటివాడికి అడగడం తేలికే. జవాబు వినడమే కష్టం. జనం ఒకరి మాటకి ఒకరు అడ్డుపడి, తలొక వైపు తిరిగి చెప్తే ఆయన ఎవరి పెదాలని చూడాలి? ఆచూకీ దొరక్క తిరిగొచ్చాడు. నేను నా వంతుగా వాట్సాప్ గ్రూపులన్నిట్లో సమాచారం పెట్టాను. ఇరవై మంది దణ్ణం బొమ్మలు పంపారు. నేనే వెళ్ళి వాకబు చేయొచ్చు, నాకు చెవులున్నాయి. ఆదివారాలు ఉన్నాయి. వెళ్ళలేదు.

ఆ తరవాత ఆయన కొలిమి వెలిగించలేదు. కానీ రోజూ ఉదయం తొమ్మిదికి వచ్చి తన చోట కూర్చునేవాడు. కళాయి పోయాక ఆ మనిషి మళ్ళీ ఇక్కడికే రాక తప్పదని ఆయన ఆశ. ఎవరైనా గిన్నె తెస్తే చేయట్లేదని చేత్తో సైగ చేసేవాడు. సందు మొదట్లో మోటార్‌సైకిల్ కనపడితే లేచి నిలబడేవాడు. గొడుగులాయన, అన్నం ఎలా తింటున్నావయ్యా అని నాలుగు తిట్టి, తన క్యారేజీలోంచి సగం పెట్టేవాడు. నేను టీ ఇప్పించేదాన్ని. నేను చేసింది అంతే.

మేడ మెట్లు ఎక్కేటప్పుడు ఆయన్ని చూడకుండా ఎక్కడం నేర్చుకున్నాను. పైన కూర్చుని పటాలు గీస్తుంటే, ఎక్కడో సముద్రం వైపు ఒక ఇంట్లో ఒక ముసలావిడ పులుసు కలుపుకుని తింటున్నట్టు కనపడేది. ఆవిడ ఎవరో తెలియదు. ఒక నెల మధ్యాహ్నాలు సరిగ్గా అన్నం తినలేకపోయాను. తరవాత తినగలిగాను. మనిషి ప్రాణం దేనికైనా అలవాటు పడుతుంది, అదే అసహ్యం.

ఆషాఢంలో గోదావరి ఎర్రగా దిగుతున్న రోజుల్లో ఆయనకి దగ్గు పట్టుకుంది. గొడుగులాయన పెద్ద గొడుగు ఒకటి ఆయన నెత్తిన కట్టాడు. దాని కింద ముడుచుకుని కూర్చునేవాడు. ఒకరోజు టీ గ్లాసు అందించి, ఎదురుగా గొంతుక్కూర్చుని, ఏమైతే అయిందని మొదలుపెట్టాను. ఆరోజు నేను నిజానికి, అనేలోపే ఆయన అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"చెవిలో అది పెట్టుకున్నారు. చూశానమ్మా."

చూస్తే మరి ఎందుకు అడిగారు బాబాయిగారూ అన్నాను. పెదాలు వణుకుతుంటే ఆయనకి ఏం అర్థమైందో, అర్థమైంది.

"అన్నేసి గిన్నెలు ముందున్నాయి. ఏడవలేదంటే మళ్ళీ ఆ కొత్త కొట్టుకెళ్ళాలి. వాడు తగువులమారి. వాడేం తిడుతున్నాడో నాకు ఇనపడి చావదు, నలుగురూ నవ్వుతారు. గొడుగులాయన్ని అడిగితే చెవి పెట్టి ఇంటాడు, ఉన్నదున్నట్టు చెప్పేత్తాడు. మీరైతే ఊఁ అంటారని తెలుసు. అందుకే మెట్ల కాడ నిలబడ్డాను."

టీ తాగి గ్లాసు నా చేతికిచ్చాడు. మా ఆవిడుంటే విసిరేసేది అని, మళ్ళీ సందు మొదటికేసి చూస్తూ కూర్చున్నాడు. ఆయన నన్ను క్షమించాడో లేదో నాకు తెలియదు. అసలు ఆయన మాట్లాడింది నా గురించి కాదేమో. నేను మాత్రం పైకి వెళ్ళి బాత్రూంలో ఏడ్చాను. ఆరేళ్ళు నన్ను చూసిన మనిషి, ఊళ్ళో ఇంతమంది ఉండగా, వినదని నమ్మకంగా ఎంచుకున్నది నన్ను.

శ్రావణంలో ఒక సోమవారం ఆయన రాలేదు. బుధవారం గొడుగులాయన చెప్పాడు, ఆదివారమే పోయాడని, తనకి కూడా ఆలస్యంగా తెలిసిందని. ఆరోజు ఆయన ప్రపంచం మీద ఏ ఫిర్యాదూ చేయలేదు.

దసరా ముందు, మధ్యాహ్నం పూట, గొడుగులాయన కిందనుంచి నా పేరు పెట్టి కేకేశాడు. ఎప్పుడూ అలా పిలవడు. దిగాను. కళాయి చోట ఒక మోటార్‌సైకిల్ ఆగి ఉంది. నలభై ఏళ్ళ మనిషి, గోనెసంచిలోంచి ఇత్తడి గుండిగ తీసి పట్టుకుని అటూ ఇటూ చూస్తున్నాడు. ఇక్కడ పెద్దాయన ఉండాలి కదండీ, పూత అంతా పోయిందండీ అన్నాడు. లోపలికి చూశాను. అడుగంతా ఇత్తడి బయటపడింది. అంచుల దగ్గర మాత్రం ఇంకా సిమెంటు రంగు.

పెద్దాయన పోయారని చెప్పాను. అయ్యో అన్నాడు. ఇందులో ఏం వండుతున్నారని అడిగాను. చేపల పులుసండి, అమ్మకి ఇత్తడిలో పెడితేనే రుచి అన్నాడు. అమ్మగారు ఎలా ఉన్నారని అడిగాను. ముక్కూ మొహం తెలియని మనిషి ఇదెందుకు అడుగుతోందా అన్నట్టు చూసినా, మర్యాదస్తుడు, చెప్పాడు. కడుపునొప్పంటోందండి, గ్యాస్ అన్నారు. ఈమధ్య మణికట్లు వాలిపోతున్నాయండి, గ్లాసు పట్టుకోలేకపోతోంది. వయసు అన్నారు.

గొడుగులాయన తల దించుకున్నాడు. ఈసారి నేను ఆగలేదు. అందులో సీసం ఉందని చెప్పాను. ఇంక అందులో వండొద్దని, డాక్టరుకి సీసం అన్న మాట తప్పకుండా చెప్పి రక్తం పరీక్ష చేయించమని చెప్పాను. అతను ఫోన్ తీసి ఆ మాట రాసుకున్నాడు. పెద్దాయన మోసం చేశాడా అని అడిగాడు, గొంతు మారింది. లేదండి, ఆయనకి వినపడదు, విని చెప్పమని నన్ను అడిగారు, నేను వినకుండానే బాగుందని చెప్పాను, అన్నాను. అది తెలిసిన దగ్గర్నుంచీ మీ గిన్నె కోసం ఆయన మీ ఊరంతా వెతికారని, దొరక్క, మీరు వస్తారని పని మానుకుని కార్తీకం నుంచి శ్రావణం దాకా రోజూ ఇక్కడే కూర్చున్నారని చెప్పాను.

కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. అతను గుండిగని నేల మీద పెట్టి, ఖాళీ కొలిమి గుంట వంక చూశాడు.

"నేను ప్రతి నెలా అమ్మని ఇక్కడికి తెత్తూనే ఉన్నానండి, కంట్లో ఇంజెక్షన్ కోసం. ఆసుపత్రి ఈ పక్క వీధేనండి. పూత ఇంకా ఉంది కదా, ఇప్పుడెందుకులే అని ఈ సందులోకి రాలేదండి."